దర్జీ గారి పెట్టె: పని డైరీ

రేకు పెట్టె ఒకటి. అందులో ముప్ఫై ఏళ్లకు పైగా బట్టలు కుట్టి, ఈమధ్యే పోయిన ఒక దర్జీ గారి సామాను. కుటుంబం అడిగింది ఒక్కటే: అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి, తలా ఒక కాపీ ఇవ్వాలి. ఆయన పేరున్న మనిషి కాదు. ఆయన గురించి బయట ఎక్కడా ఒక్క ముక్క దొరకదు. ఉన్నదంతా ఈ పెట్టెలో, మిగిలింది ఆయన అక్కగారి జ్ఞాపకంలో, ఆవిడకి ఎనభై దాటాయి.

రోజు 1

మూత తీయగానే ఏదీ బయటికి తీయలేదు. పైనుంచి ఫోనుతో ఒక ఫొటో, ఒక వరస తీశాక ఇంకో ఫొటో. ఇలా నాలుగు పొరలు. ప్రతి వస్తువుకీ పొర నంబరు రాసుకున్నాం. అంత చాదస్తం ఎందుకంటే, ఏ ఉత్తరం ఏ ఫొటోతో కలిపి దాచారో ఆ జతే ఒక సమాచారం. ఉత్తరాలన్నీ ఒక కుప్ప, ఫొటోలన్నీ ఒక కుప్ప అని సర్దేస్తే ఆ సంబంధం పోతుంది, మళ్లీ రాదు. సర్దడం మీద సరదా ఉన్నవాళ్లని మొదటి రోజు పెట్టె దగ్గరికి రానివ్వకపోవడం మంచిది.

లెక్క: ఫొటోలు 212, నెగెటివ్ ముక్కలు 41, క్యాసెట్లు 7, ఉత్తరాలు 63, కొలతల పుస్తకాలు 4, రసీదుల కవరు ఒకటి.

ఫొటోలు, నెగెటివ్‌లు ముట్టుకోవడానికి నైట్రిల్ అనే రబ్బరు లాంటి పదార్థపు చేతి తొడుగులు. కాగితాలకు మాత్రం కడిగి ఆరబెట్టిన చేతులే మేలు. నూలు తొడుగులతో అంచు తెలియదు, కాగితం చిరుగుతుంది. నెగెటివ్‌ల కవరు విప్పితే వెనిగర్ వాసన కొట్టింది. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము రసాయనికంగా చెడిపోతోందన్న మాట. ఆ ఆవిరి పక్క ఫిల్ముని కూడా పాడుచేస్తుంది కాబట్టి వాటిని విడిగా, గాలి ఆడే కాగితపు కవర్లలో పెట్టాం. గాలి చొరని డబ్బాలో బిగిస్తే ఆ ఆమ్లం లోపలే తిరిగి ఇంకా తొందరగా తినేస్తుంది. స్కానింగు వరసలో ఇవే ముందు. కలరా ఉండలు ఏరి పారేశాం.

రసీదులు కొన్ని థర్మల్ కాగితం మీదివి, అప్పటికే సగం వెలిసిపోయాయి. ఆ సాయంత్రమే స్కాన్ అయిపోయాయి.

రోజు 2 నుంచి 4

ఇక్కడ తప్పు చేశాం. నెగెటివ్‌లు అయ్యాక, మిగతా ఫొటోలన్నీ 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), రెండు వైపులా అని మొదలుపెట్టాం. మూడు సాయంత్రాలు, రోజుకి రెండు గంటలు కూర్చుంటే 38 ఫొటోలు అయ్యాయి.  ఈ లెక్కన ఫొటోలకే ఇంకో రెండు వారాలు దాదాపు పడుతుంది. ఈలోగా అక్కగారికి ఆరోగ్యం బాగా లేదని కబురు.

పెట్టెలో ఫొటో ఇంకో పదేళ్లయినా అలాగే ఉంటుంది. అందులో ఎవరున్నారో చెప్పగలిగేది ఒక్క మనిషి. వరస తిరగేయాలి: ముందు పేర్లు, తర్వాత స్కానింగు. ఇలాంటి పని మొదలుపెట్టే ఎవరికైనా మేం చెప్పేది ఇదొక్కటే, మిగతావన్నీ మెల్లగా నేర్చుకోవచ్చు.

రోజు 5

212 ఫొటోలకీ ముందూ వెనకా ఫోను కాపీలు. కిటికీ పక్కన బల్ల, నేరుగా ఎండ పడకుండా. ఫోను ఒక స్టాండుకి బిగించి. ప్రతి ఫొటో పక్కన నంబరు చీటీ. రెండు గంటల నలభై నిమిషాల్లో మొత్తం అయిపోయింది. పేర్లు అడగడానికి ఈ నాణ్యత సరిపోతుంది.

అడగాల్సినవి 90 తేలాయి. ఒక్కో ఫొటోని ఒక్కో ఏ4 కాగితం మీద పెద్దగా ప్రింటు తీశాం. ట్యాబ్లెట్ కూడా వాడి చూశాం గానీ లాభం లేదు. వేలు పెట్టి ఒక మొహం చూపించబోతే బొమ్మ పక్కకి జరిగిపోతుంది, చూపించినవారికి తామేదో చెడగొట్టామని కంగారు. కాగితం మీద ఎంత గట్టిగా నొక్కినా ఏమీ కాదు.

గుంపు ఫొటోలకి ట్రేసింగ్ పేపరు పైన పెట్టి తలల ఆకారం గీసి అంకెలు వేశాం. "ఎడమ నుంచి మూడో ఆయన" అని రాసుకుంటే కూర్చున్న వరసో నిలబడ్డ వరసో తర్వాత తేలదు.

రోజు 6, 8, 11, 14: అక్కగారితో

ఒక్కో కూర్చోవడం 40 నిమిషాలు. అమెరికాలో 2003లో మొదలై మామూలు మనుషుల మాటలు రికార్డు చేస్తున్న స్టోరీకార్ప్స్ కూడా ఒక సంభాషణకి 40 నిమిషాలే పెట్టుకుంది. పెద్దవాళ్ల విషయంలో అది దాటితే జవాబులు పొట్టివైపోతాయి, "అవును", "ఏమో" దగ్గర ఆగిపోతాయి. ఒక విడతకి 22, 23 ఫొటోలు.

రికార్డరు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. గొంతు పెంచినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా. మైకు గడ్డానికి జానెడు కింద. ఫ్యాను బంద్. మొదట 30 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయాలి, తర్వాత ఎడిటింగులో అతుకులకి అదే కావాలి. మొదటి విడతలో మైకు బట్టకి రాసుకుని గరగరమంది. 12 నిమిషాల మాట సగం వినపడదు. రెండో విడత నుంచి వైరుని ఒక చుట్టు తిప్పి బట్ట లోపలి వైపు టేపుతో అతికించాం, మళ్లీ ఆ గొడవ రాలేదు.

ప్రశ్నల సంగతి. "ఆయన ఎలాంటివారు?" అంటే "చాలా మంచివాడు" అని వస్తుంది, అక్కడితో సరి. పోయినవాళ్లందరూ మంచివాళ్లే. దాని బదులు "పొద్దున్నే కొట్టు తెరిచాక మొదట ఏం ముట్టుకునేవారు?" అని అడిగితే, "మిషను మీద గుడ్డ తీసేవాడు. తీసి రెండుసార్లు దులిపేవాడు, మూడోసారి దులిపితే నాకు కోపం, ఆ దుమ్మంతా నా వైపే వచ్చేది" అన్నారు. పెద్ద విశేషాల జోలికి పోకుండా ఒక మామూలు రోజుని పొద్దున్నుంచి రాత్రి దాకా చెప్పించడం పాత పద్ధతే. బ్రిటన్‌లో మాస్ అబ్జర్వేషన్ వాళ్లు 1937లో ప్రతి నెలా 12వ తారీఖున తాము ఏం చేశారో రాసి పంపమని మామూలు జనాన్నే అడిగారు.

మేం పేరు అందించకూడదు. "ఈయన మీ బాబాయి కదా?" అంటే మొహమాటానికైనా అవునంటారు. ప్రతి పేరు పక్కనా మూడు గుర్తుల్లో ఒకటి: "ఖాయం", "అనుమానం", "విన్నది". ఏడుపొచ్చినప్పుడు రికార్డరు మా అంతట మేం ఆపలేదు, "ఆపమంటారా?" అని మాత్రం అడిగాం. రెండుసార్లు వద్దన్నారు. ఒకసారి ఆపమన్నారు, ఆ రోజుకి అంతే.

రోజు 15 నుంచి 20: స్కానింగు, ఈసారి సరిగ్గా

మామూలు ప్రింట్లు 600 డీపీఐ. అగ్గిపెట్టె సైజు చిన్న కాంటాక్టు ప్రింట్లు (నెగెటివ్ ఎంతుందో అంతే సైజులో తీసినవి) మాత్రం 1200. 4×6 అంగుళాల ప్రింటు 600లో 26 ఎంబీ, 1200లో 104 ఎంబీ. ఫైలు నాలుగింతలైనా మామూలు ప్రింటులో కొత్తగా కనపడే వివరం దాదాపు ఏమీ లేదు. టిఫ్ ఫార్మాటు, నాణ్యత తగ్గకుండా దాచేది. స్కానరులో ఆటో కలరు, షార్ప్‌నింగు అన్నీ బంద్. నలుపు తెలుపు నెగెటివ్‌లకి పరారుణ కిరణాలతో దుమ్ము తీసే సదుపాయం కూడా వాడకూడదు. ఫిల్ములోని వెండి ఆ కిరణాలని అడ్డుకుంటుంది, యంత్రం బొమ్మనే దుమ్మనుకుంటుంది.

రంగుల ఫొటోలు చాలావరకు ఎర్రబడ్డాయి. చీకట్లో ఉన్నా పాత కాగితాల్లో సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు ముందు పోతుంది, మిగిలేది ఎరుపే. దిద్దడం కాపీ మీదే, అసలు స్కాను అలాగే ఉంచాలి.

జిగురు పుటల ఆల్బమ్ బాగా ఇబ్బంది పెట్టింది. పళ్ల సందుల్లో వాడే మైనం లేని డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఫొటో మూల కిందికి దూర్చి, రంపంలా మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే వస్తుంది. తొందరపడి లాగిన ఒక మూలలో 3 మి.మీ. పొర లేచింది. నాలుగు ఫొటోలు ఎంతకీ రాలేదు. వాటిని పుటతో సహా స్కాన్ చేసి వదిలేశాం. ఫ్రేములో అద్దానికి అతుక్కున్న పెళ్లి ఫొటోది కూడా అదే దారి: అద్దంతోనే స్కాను. పీకితే మొహాలు అద్దం మీదే ఉండిపోతాయి.

తిరిగి దాచేటప్పుడు పీవీసీ కవర్లు వద్దు, పాలిప్రొపిలీన్ గానీ పాలిఎస్టర్ గానీ. నంబరు ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయాలి. కానీ 1960ల చివర నుంచి వచ్చిన రెజిన్ పూత కాగితం మీద పెన్సిల్ జారిపోతుంది, అలాంటివాటికి నంబరు కవరు మీదే. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే అక్షరాలు ముందువైపు మొహం మీద తేలతాయి.

రోజు 21 నుంచి 26: కొలతల పుస్తకాలు

మొదట్లో వీటిని ఎవరూ పట్టించుకోలేదు. నాలుగు గట్టి అట్ట పుస్తకాలు, పేజీకి ముగ్గురు నలుగురు మనుషులు, పక్కన గుండుసూదితో గుచ్చిన గుడ్డ ముక్క.

సూదులన్నీ తుప్పు. నేరుగా లాగితే కాగితం చిరుగుతుంది. సూదికీ కాగితానికీ మధ్య పలచటి పాలిఎస్టర్ ముక్క దూర్చి, సూదిని దాని మీదుగా జార్చి తీశాం. ఊడిన గుడ్డ ముక్కని పాత రంధ్రాల గుండానే నూలు దారంతో ఒక్క ముడి వేసి అక్కడే కట్టేశాం. జిగురు, టేపు ఏదీ తగలనివ్వలేదు. గుడ్డల్ని విడిగా ఒక ఆల్బమ్‌లో పెట్టుకుంటామని కుటుంబంలో ఒకరు అడిగారు, వద్దని నచ్చజెప్పాం. ఎవరి చొక్కాదో తెలియకపోతే అది ఉత్త పీలిక.

ఈ పుస్తకాలని స్కానరు మీద బోర్లిస్తే వీపు విరుగుతుంది. రెండు ఫోమ్ దిమ్మెల మధ్య 110 డిగ్రీలకు మించి తెరవకుండా పెట్టి, పైనుంచి 24 మెగాపిక్సెల్ కెమెరా. రెండు దీపాలు రెండు వైపులా 45 డిగ్రీల వాలులో. మొదటి 60 పేజీలు తీశాక చూస్తే ఒక అంచు మసక. కెమెరా కాగితానికి సమాంతరంగా లేదు. తీయాల్సిన పేజీ మీద చిన్న అద్దం పెట్టి, కెమెరాలోంచి చూస్తే లెన్సు తన ప్రతిబింబం మధ్యలో కనపడాలి. అలా సరిచేసి ఆ 60 మళ్లీ తీశాం.

ఆయన రాత పొదుపు: "పొ 28, ఛా 38, భు 17½, చే 9, మె 15". పొడవు, ఛాతీ, భుజం, చెయ్యి, మెడ. కొన్నిచోట్ల చివర "కు.భు ½ దింపు". ఆ మనిషి కుడి భుజం అర అంగుళం కిందికి ఉంటుంది, కుట్టేటప్పుడు అటువైపు దించాలని గుర్తు.

ఇది ఇంత పనికొస్తుందని అనుకోలేదు. నెగెటివ్ నుంచి తీసిన 0118 నంబరు గుంపు ఫొటోలో వెనక వరస నాలుగో మనిషిని అక్కగారు గుర్తుపట్టలేదు. భుజం వాలు మాత్రం స్పష్టంగా ఉంది, కానీ ఎడమది. పుస్తకాల్లో "ఎ.భు" అని ఎక్కడా లేదు. రెండు రోజుల తర్వాత గానీ ఒకటి తట్టలేదు: ఆ ఫొటోలో అందరి చొక్కా జేబులూ కుడివైపు ఉన్నాయి. మగవాళ్ల చొక్కా జేబు ఎడమ ఛాతీ మీద ఉండాలి. నెగెటివ్‌ని తిరగేసి స్కాన్ చేశాం! దర్జీ గారి ఫొటోలో జేబు చూసుకోలేదంటే సిగ్గుపడాల్సిందే. తిప్పితే వాలింది కుడి భుజం. "కు.భు" ఉన్న పేర్లు మొత్తం మూడు. ఐదు గుంపు ఫొటోలు కలిపి ముందు పెట్టి, ఒక్కో పేరూ చెప్పి, "ఈయన ఎక్కడైనా ఉన్నారా?" అని అక్కగారిని అడిగాం. రెండో పేరుకి ఆవిడ వేలు నేరుగా 0118 మీదికి వెళ్లింది. "అయ్యో, వీడా! వీడికి చొక్కా కుట్టినన్నాళ్లూ మా తమ్ముడు తిడుతూనే ఉండేవాడు, కుదరదని." ఖాయం.

ఒక జాగ్రత్త. ఈ పుస్తకాల్లో వేరేవాళ్ల పేర్లూ ఒంటి కొలతలూ ఉన్నాయి. కుటుంబానికిచ్చే కాపీలో మొత్తం ఉంటుంది. బయట ఎవరికైనా చూపించే కాపీలో పేర్లు కప్పేశాం. ఉత్తరాలకీ ఇలాంటి చిక్కే ఉంది. కాగితం అందుకున్నవారిదైనా, అందులోని రాత మీద హక్కు రాసినవారిదే. అచ్చు వేయాలంటే వాళ్లనో వాళ్ల వారసులనో అడగాలి.

రోజు 27, 28

ఉత్తరాలు 400 డీపీఐ. చేతిరాతని యంత్రంతో చదివించే ప్రయత్నం అరగంటలో మానుకున్నాం. ఒకరు చదువుతుంటే ఒకరు టైపు చేయడం, తర్వాత ఇద్దరూ తారుమారై సరిచూడడం. తప్పొప్పులు దిద్దలేదు. చదవలేని చోట చదరపు బ్రాకెట్‌లో ఊహ, పక్కన ప్రశ్నార్థకం. ల్యామినేషన్ చేయిద్దామన్న మాట ఇక్కడ వచ్చింది. వద్దు. వేడితో అతికిన ఆ పొర మళ్లీ ఊడదు.

రోజు 29 నుంచి 35: క్యాసెట్లు

ఏడింటిలో సీ-90లు (రెండు వైపులా కలిపి 90 నిమిషాలు) మూడు, సీ-60లు (60 నిమిషాలు) నాలుగు. ఆరింట్లో రేడియో పాటలు. ఏడోదాని మీద ఆయన రాతలో "కొట్లో" అని మాత్రమే ఉంది. అది 1960ల మొదట్లోదని ఇంట్లో ఒకరి నమ్మకం. క్యాసెట్‌ని ఫిలిప్స్ వాళ్లు బయటికి తెచ్చిందే 1963లో, కాబట్టి ఆ తారీఖు కొట్టేశాం.

ప్లే చేసే ముందు: మీద రికార్డు కాకుండా వెనక అంచు చెవులు రెండూ విరిచేయాలి. టేపుని హెడ్డుకి (ప్లేయర్లో టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) ఒత్తే చిన్న ఫెల్టు ముక్క ఉందో లేదో చూడాలి. రెండింటిలో ఊడి లోపల దొర్లుతోంది. ఐదు స్క్రూలున్న ఒక మంచి ఖాళీ క్యాసెట్ విప్పి, టేపు చక్రాలని అందులోకి మార్చాం. స్క్రూలు లేకుండా అతికించిన క్యాసెట్ అయితే అతుకు వెంబడి సన్నటి బ్లేడుతో తెరవాలి. ఒకదాంట్లో టేపు మొదటి కొస చక్రం నుంచి ఊడింది. టేపు అతుకులకని ప్రత్యేకంగా చేసిన స్ప్లైసింగ్ టేపుతో అతికించాలి గానీ మామూలు సెల్లోటేపు పనికిరాదు, దాని జిగురు బయటికి కారి పక్క చుట్టుకి అంటుకుంటుంది. హెడ్లు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం.

తర్వాత హెడ్డు వాలు. ప్రతి క్యాసెట్‌కీ అది రికార్డు చేసిన యంత్రం వాలు వేరు. రెండు చానెళ్లని మోనోగా కలిపి వింటూ, హెడ్డు పక్క స్క్రూని చాలా కొద్దిగా తిప్పితే ఒక చోట "స", "ష" శబ్దాలు తేటపడతాయి. అక్కడ ఆపాలి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో సీ-90 ఒక వైపు దాదాపు 1.5 జీబీ.

"కొట్లో" క్యాసెట్ 11 నిమిషాలే. మిషను చప్పుడు, కత్తెర, కొలతలు పైకి చదువుతున్న ఒక గొంతు. అక్కగారు విని తల అడ్డంగా ఊపారు: "బాబూ, ఇది మా తమ్ముడు కాదు. ఇంత సన్నటి గొంతు కాదు వాడిది."

రికార్డు చేసిన యంత్రం బ్యాటరీ నీరసించి టేపు మెల్లగా తిరిగి ఉంటే, సరైన వేగంలో ప్లే చేసినప్పుడు గొంతు సన్నగా, హడావిడిగా వస్తుంది. కొలిచేదెలా? అదృష్టం కొద్దీ వెనక రేడియోలో ఒక పాట మొదటి నుంచి చివరిదాకా ఉంది. ఆ పాట అసలు నిడివి 200 సెకన్లు, మా ఫైల్లో 188. అంటే వేగం 6.4 శాతం ఎక్కువ, శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం పైకి. కాపీ మీద వేగాన్ని 94 శాతానికి తగ్గించాం. టెంపో మాత్రమే మార్చే ఆప్షన్ కాదు, వేగమూ శ్రుతీ కలిసి మారేదే వాడాలి. రెండోసారి వినిపించినప్పుడు మేం ఏం మార్చామో చెప్పలేదు. "ఛాతీ ముప్ఫై ఎనిమిది, రాశావా?" దగ్గర ఆవిడ హెడ్‌ఫోన్లు రెండు చేతులతో నొక్కిపట్టుకున్నారు. "రాశావా అన్నది నన్నే" అన్నారు.

నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌కి మిషను చప్పుడు కూడా చెత్తలాగే కనిపిస్తుంది. టేపు బుస మాత్రం కాస్త తగ్గించి, మిషనుని ముట్టుకోలేదు.

రోజు 36 నుంచి 38: ఫైళ్లు

ఫైలు పేర్లు ఇంగ్లిషు అక్షరాలు, అంకెలతోనే, ఖాళీలు లేకుండా. తెలుగు పేర్లు పెడితే కొన్ని పాత ప్రోగ్రాముల్లో, జిప్ విప్పినప్పుడు చెడిపోతున్నాయి. తెలుగు వివరమంతా ఫొటో ఫైలు లోపల వివరాలు రాసుకోవడానికుండే ఐపీటీసీ అరల్లోనూ, ఒక సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు అక్షరాల) పట్టికలోనూ రాశాం. ఆ పట్టికని బీఓఎం (ఏ లిపి పద్ధతో చెప్పే, ఫైలు మొదట్లోని గుర్తు) ఉన్న యూటీఎఫ్-8గా సేవ్ చేయకపోతే ఎక్సెల్‌లో తెలుగు పిచ్చి గీతలుగా తెరుచుకుంటుంది.

మొత్తం సుమారు 60 జీబీ. మూడు కాపీలు: రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, వాటిలో ఒకటి వేరే ఇంట్లో. ప్రతి ఫైలుకీ షా-256 చెక్‌సమ్, అంటే ఫైల్లోని సమాచారం నుంచి లెక్కగట్టిన గుర్తింపు అంకె; ఫైలు కొంచెం మారినా అదీ మారుతుంది. అది దండగ అనుకునేవాళ్ల కోసం: పెన్‌డ్రైవ్‌కి ఎక్కించిన కాపీలో రెండు ఆడియో ఫైళ్ల చెక్‌సమ్ కలవలేదు. తెరిచి వింటే మామూలుగానే ఉన్నాయి. ఒకదాంట్లో ఏడో నిమిషం దగ్గర మాత్రం అర సెకను మౌనం.

మిగిలింది

పేరు తెలియని మొహాలు 31. వాటిలో 0131 నంబరు ఫొటోలోది ముందు. కోటు వేసుకుని కుర్చీ పక్కన నిలబడ్డ మనిషికి ఎడమ చెయ్యి చూడగానే తెలిసేంత పొట్టి. రెండు చేతుల కొలతలూ విడివిడిగా రాసిన పేజీలు మూడో పుస్తకంలో వెతుకుతున్నాం, ఇంకా 44 పేజీలున్నాయి. జేబు ఏ వైపుందో ముందే చూసుకున్నాం.